గేటు దాటిన పులిహోర

సీతారాము జర్మనీ నుంచి తిరిగొచ్చిన కొత్తలో తోటలో కూలీ ఇళ్ళ మూడో లైనులో ఎవరికీ వేరే కబురు లేదు. రబ్బరు పాలు తీయడానికి పోయే ఆడవాళ్ళు కత్తులు నూరుకుంటూ అదే మాట, బకెట్లు కడుక్కుంటూ అదే మాట. మలయాలో ఇపోకి ఉత్తరాన, అడవిని ఆనుకుని ఉన్న ఆ తోటలో ఉన్న తెలుగువాళ్ళంతా ఒకప్పుడు విశాఖపట్నం రేవులో ఓడెక్కి వచ్చినవాళ్ళ పిల్లలే, మనవలే. అయితే ఇక్కణ్ణుంచి మళ్ళీ ఓడెక్కి ఇంకో దేశం పోయి, పని నేర్చుకుని వచ్చినవాడు మాత్రం వీడొక్కడే.

సాయంత్రమయ్యేసరికి వాళ్ళ అమ్మ పోలమ్మ గుమ్మం ముందు జనం చేరేవారు. పక్కింటి మరిడమ్మ అందరికన్నా ముందొచ్చి పీట వేసుకునేది.

"ఒరే సీతారాము, అక్కడ తెల్లోలే ఊడుసుకుంటారంట, నిజమేటి?"

"ఊడవడమేటి అత్తా! నానున్న ఇంటి ముసలమ్మ శనివారం వొచ్చిందంటే నా సేతికి సీపురిచ్చేది. మెట్లన్నీ పైనుంచి కిందిదాకా ఊడిసి కడగాల. మానేసినానంటే సోమవారం దాకా నాతో మాటాడదు."

"మరి జీతమిచ్చీదా?"

"జీతమా? నానే దానికి అద్దిచ్చీవోణ్ణి."

మరిడమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "అద్దిచ్చి మరీ ఊడిసినావా! ఆ పని సేసీదానికి జర్మనీ దాకా ఎందుకురా, నా గుమ్మం లేదేటి?"

లైనంతా గొల్లుమంది. గోడకి చేరబడి నిలుచున్న కాంతయ్య కూడా నవ్వాడు. అతను సీతారాము అక్క పుష్పవల్లి మొగుడు. ఆ నవ్వు అందరికంటే ముందు ఆగిపోయింది. అప్పుడు ఆ సంగతి ఎవరూ పట్టించుకోలేదు.

కొలోన్ అనే పట్నం పక్కన, రైన్ నది ఒడ్డున, ఇంజిన్లు చేసే ఫ్యాక్టరీలో సీతారాము ఏడాదిన్నర ఉన్నాడు. రబ్బరు పాలు గడ్డకట్టించి రేకులు తీసే చోటుని తోటలో ఇస్టోరు అంటారు. ఆ ఇస్టోరులో ముసలి ఇంజిను తీసేసి కొత్త డీజిలు ఇంజిను పెడదామని కంపెనీ అనుకుంది. అమ్మేవాళ్ళు జర్మన్లు. మీ కుర్రాణ్ణి ఒకణ్ణి పంపితే నడపడం, విప్పడం, బిగించడం నేర్పిస్తామన్నారు. లైన్లలో ఇంగ్లీషు చదువు పెద్ద పరీక్ష దాకా చదివినవాడు సీతారాము ఒక్కడే. మేనేజరు దొర పిలిచి, నేర్చుకునిరా, ఇంజిను డ్రైవరు పని నీదే అన్నాడు. అంతవరకూ ఆ పని చేసినవాళ్ళంతా దొరలూ, సగం దొరలూ. లైన్లో పుట్టినవాడికి ఆ పని ఇస్తామనడం అదే మొదలు.

అక్కడ అతన్ని ప్రాక్టికాంట్ అని పిలిచేవారు, పనిచేస్తూ నేర్చుకునేవాడని. తీరా వెళ్తే ఇంజిను ముట్టుకోనివ్వలేదు. ఒక ఇనపదిమ్మ, ఒక ఆకురాయి చేతికిచ్చి నున్నగా రాయమన్నారు. రాసి చూపిస్తే ఫోర్‌మను దాని మీద స్కేలు ఆనించి, వెలుతురుకి పెట్టి, ఏమీ అనకుండా ఇంకో దిమ్మ ఇచ్చేవాడు. చలికాలమంతా అదే పని. మధ్యాహ్నం నల్లరొట్టె. దాని మీద వెన్న రాసి, పైన మాంసం ముక్క పరిచి, కాగితంలో చుట్టుకుని తెచ్చుకునేవారు అందరూ. సీతారాము మాంసం తీసేసి, అమ్మ కట్టిచ్చిన కారప్పొడి చల్లుకునేవాడు. పక్క బల్ల దగ్గర లేతు పని నేర్చుకునే హోర్స్ట్ అనే కుర్రాడు ఒకరోజు ఆ పొడి అడిగి వేసుకుని, కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ కుళాయి దగ్గరికి పరిగెత్తాడు. ఆ రోజు నుంచీ ఇద్దరికీ స్నేహం.

శనివారం మధ్యాహ్నం సైరన్ కూయగానే ఫ్యాక్టరీ ఖాళీ. మెట్లు కడగడం, వేడినీళ్ళ స్నానం, బట్టలకి ఇస్త్రీ. ఆదివారం బట్ట ఉతికితే వీధంతా మూతి ముడుచుకుంటుంది. ఆదివారం ఉన్నది తిరగడానికి. హోర్స్ట్ సైకిలు మీద వచ్చి కిటికీ కింద ఈల వేసేవాడు.

మొదటి ఆదివారం సంగతి సీతారాము లైనులో ఎన్నిసార్లు చెప్పినా మళ్ళీ చెప్పమనేవారు. రైలు దిగి, ఇద్దరూ కొండమీది అడవిలోకి నడిచారు. వీపున సంచిలో రొట్టె, ఉడకబెట్టిన గుడ్లు. అడవి మొదట్లో ఒక కొయ్య గేటు, దాని పక్కన టోపీ పెట్టుకున్న మనిషి. సీతారాము ఠక్కున ఆగిపోయి, సంచి దించి, మూత విప్పి, రెండు చేతులూ పైకెత్తి నిలుచున్నాడు.

"ఆ టోపీవోడు గార్డనుకున్నావేటి?"

"మరేటి! మన గేటే అనుకున్నాను. ఆడు సంచిలోకి తొంగిసూసి, 'బాగా తినండి' అన్నాడు. ఆడూ మనలాగే ఆదివారం తిరగడానికొచ్చిన ముసలోడు. హోర్స్ట్‌గాడికి నా సేతులెందుకు లేసినాయో అర్థం కాలేదు."

ఇక్కడ మాత్రం పసిపిల్లకి కూడా అర్థమయ్యేది. మలయాలో తెల్లవాళ్ళు ఎమర్జెన్సీ పెట్టి పదేళ్ళు కావొస్తోంది. అడవిలో కమ్యూనిస్టులు, వాళ్ళ కోసం తుపాకులతో పోలీసులు. అడవిలో వాళ్ళకి తిండి అందకూడదని తోటల చుట్టూ ముళ్ళకంచె వేశారు. రోజూ గేటు దగ్గర ఒళ్ళంతా తడిమి, టీ సీసాలో పంచదార ఉందేమోనని రుచి చూసి మరీ పంపేవారు. సీతారాము లేని రోజుల్లో ఇంకా బిగించారు. ఇళ్ళలో బియ్యమే ఉంచుకోకూడదు. కుసినీ అనే ఊరుమ్మడి వంటశాలలో అందరికీ కలిపి వండి, గంట కొట్టి, మనిషికింత అని కొలిచి పెడతారు. బియ్యమైతే నిలవుంటుంది, అన్నమైతే మర్నాటికి పాచిపోతుంది, అడవిలోకి పంపినా లాభముండదు. అదీ వాళ్ళ లెక్క. అన్నం గేటు దాటితే జైలు.

ఈ కంచెలోపలికే జర్మనీ నుంచి ఫోటోలు వచ్చేవి. హోర్స్ట్ కెమెరాతో తీసినవి. అడవిలో గడ్డిమీద వెల్లకిలా పడుకుని రొట్టె కొరుకుతున్న సీతారాము. స్టీమరు మీద టోపీ పట్టుకుని నవ్వుతున్న సీతారాము. కేకు ముక్కల ముందు కాళ్ళు బారజాపుకుని కూచున్న సీతారాము. మెర్దేకా, అంటే మలయా స్వతంత్రం, శనివారం నాడొచ్చింది. మధ్యాహ్నం దాకా పనిచేసి, మర్నాడు హోర్స్ట్ వాళ్ళమ్మ చేసిన రేగుపళ్ళలాంటి పళ్ళ కేకు తీసుకుని నదీతీరానికి పోయి, అక్కడున్నవాళ్ళందరికీ మా దేశానికి స్వతంత్రం వచ్చిందని చెప్పి పంచిపెట్టాడు. దానికీ ఒక ఫోటో. పుష్పవల్లి అవన్నీ గోడకి వరసగా అంటించింది. కుసినీ గంట కొట్టేదాకా పిల్లలు వాటి ముందు నిలబడి ఆ కేకు మీద వేళ్ళు పెట్టి, ఇది నాది, అది నీది అని పంచుకునేవారు.

ఆ గోడ ఇస్టోరు పక్కనున్న పెంకుటింటిది. ఇంజిను డ్రైవరుకిచ్చే ఇల్లు. లోపల కుళాయి, కరెంటు దీపం. సీతారాము తిరిగొచ్చేదాకా చూసుకోమని దొర కాంతయ్యని అందులో పెట్టాడు. ముసలి ఇంజిను దగ్గర కాంతయ్య చమురు పోస్తూ పెద్దవాడయ్యాడు. చిన్నప్పుడు బడినుంచి వచ్చిన సీతారాముని ఇంజిను దగ్గర కూచోబెట్టుకుని, దాని గుండె ఎక్కడుంది, ఊపిరి ఎక్కడుంది అని నేర్పినవాడూ అతనే. కొత్త ఇంజిను ముందే వచ్చేసింది. జర్మను మనిషి బిగించి వెళ్ళాడు. నెలలుగా దాన్ని నడుపుతున్నవాడు కాంతయ్యే. ఒకటో తారీకున సీతారాము పనిలో చేరితే కాంతయ్య మళ్ళీ చమురు డబ్బా పట్టుకోవాలి, పెంకుటిల్లు వదిలి లైనుకి పోవాలి.

"ఇల్లొదలడమేటి బావా," అన్నాడు సీతారాము వచ్చిన రోజే. "అందరం అందులోనే ఉందాం. నాకొక మూల సాలదా."

"బావమరిది ఇంట్లో నానుండటమేట్రా," అని కాంతయ్య పెద్దగా నవ్వి, భుజం మీద చరిచాడు. "సూద్దాం లే."

ఆదివారం జలాన్-జలాన్ పోదామన్న మాట సీతారాముకే పుట్టింది. అంటే ఊరికే తిరిగి రావడం. ఏడో నంబరు తోట దాటాక రాళ్ళమీంచి ఒక ఏరు పారుతుంది. కంచె రాకముందు, చిన్నప్పుడు, అందరూ అక్కడ ఈతలు కొట్టినవాళ్ళే. పోలమ్మ ఆ ఏరు చూసి ఏళ్ళయింది. రోజూ పాలు తీయడానికి ఆ దాపులకే పోతుంది గానీ, పని చేసుకుని కుసినీ గంట కొట్టేలోపల తిరిగి రావాలి.

"ఏరుకి ఎల్లడానికి తప్పులేదు. తిండి అట్టుకెల్తేనే తంటా," అన్నాడు సీతారాము. "బావా, రూలు ఒప్పుకుంటాదా?"

"మెర్దేకా వొచ్చీసింది కదా, ఇంకా తెల్లోడి రూలేటి?" అన్నాడు కాంతయ్య. "ఆదివారం గేటు కాడ అప్పలసామి ఉంటాడు. ఆడితో నాను మాటాడతాను. ఆపీసులో పెద్ద కిరాణి గుమస్తా పిల్లల్ని ఏసుకుని మొన్న సేపలు పట్టడానికి ఎల్లలేదేటి?"

అప్పలసామి లైన్లో పుట్టి పోలీసు దళంలో చేరినవాడు. కాంతయ్యతో కలిసి కల్లు తాగేవాడు. రెండ్రోజుల తరవాత కాంతయ్యే వచ్చి చెప్పాడు: "మాటాడినాను. ఇనస్పెట్రు కాడ కూడా పరిమిసను తీసుకున్నాడంట. బేగి ఎల్లి బేగి వొచ్చీడమే."

"నిజంగానే అడిగినావా బావా?"

"ఏట్రా, జర్మనీ ఎల్లొచ్చినాక బావ మాట మాటలా కనపడలేదేటి?"

సీతారాముకి సిగ్గేసింది. ఇంక అడగలేదు.

తిండి మాటకొస్తే, టౌనులో చీనావాడి కొట్టునుంచి రొట్టె తెప్పిద్దాం, జర్మనీలో అలాగే చేసేవాళ్ళం అన్నాడు. పుష్పవల్లి ఒప్పుకోలేదు.

"రొట్టేటిరా, జొరమొచ్చినోలికి పెట్టినట్టు! పులిహోర కలుపుతాను. కుసినీలో నా వొంతు, ఈయనొంతు, పిల్లలొంతు, అమ్మదీ నీదీ అంతా కలిపి తెచ్చుకుంటాను. సింతపండు నా కాడుంది."

"అంతెందుకప్పా?"

"ఆరుగురం ఎల్తన్నాం కాదేటి? ఏటి గట్టున కూకుంటే ఆకలెక్కువేస్తాది."

ఆదివారం పొద్దున్నే అరిటాకు పరిచిన పెద్ద బుట్టనిండా పసుప్పచ్చగా పులిహోర, పైన మళ్ళీ ఆకు, దానిమీద తువ్వాలు. వాసనకి లైనులో కుక్కలు లేచి నిలబడ్డాయి. పుష్పవల్లి బుట్ట తెచ్చి తమ్ముడి చేతికిచ్చింది. "పిల్లలకి నీళ్ళు పోసి మేం ఎనకాలే వొచ్చేస్తాం. నువ్వు ముందెల్లి మంచి సోటు సూడు." తల్లి మాత్రం ఆగలేదు. ఉతికిన చీర కట్టుకుని, కొడుకు వెనకాలే వచ్చేసింది.

గేటు దగ్గర అప్పలసామి బుట్టవైపు చూడలేదు. కంచెమీద వాలిన కాకిని చూస్తూ, "ఎల్లండెల్లండి" అన్నాడు.

పోలమ్మ ఏటిని చూసి చిన్నపిల్లయిపోయింది. చీర మోకాళ్ళదాకా ఎగ్గట్టి నీళ్ళలో దిగింది. "ఓరి నాయినో, ఎంత సల్లగున్నాయిరా!" దోసిలితో మొహాన కొట్టుకుని, ముక్కులోకి నీళ్ళుపోయి తుమ్మి, తుమ్మినందుకు నవ్వింది. సీతారాము రాతిమీద కూచుని, హోర్స్ట్ దగ్గర నేర్చుకున్న ఈల వేశాడు.

"ఆ దేశంలో ముసిలోలు కూడా ఇలా ఎల్తారా?"

"ముసిలోలే ఎక్కువెల్తారమ్మా. సేతికర్ర ఏసుకుని, టోపీ ఎట్టుకుని. కొండెక్కి కాపీ తాగి దిగుతారు."

"ఎవులూ ఏటీ అడగరా?"

"అడగరు. దారిలో ఎవులు ఎదురొచ్చినా దండం ఎట్టుకుని పోతారు."

తల్లి ఆ మాట నోట్లో చప్పరిస్తున్నట్టు నీళ్ళలో నాలుగడుగులు వేసింది. తరవాత, "ఆకలేస్తోందిరా. మీ అప్ప రాలేదేటి?" అంది.

సీతారాము దారివైపు చూశాడు. రబ్బరు చెట్ల మధ్య ఎర్రమట్టి దారి ఖాళీగా ఉంది. పిల్లలు ఏదో పేచీ పెట్టుంటారనుకున్నాడు. వాళ్ళు వచ్చాకే తిందామని బుట్ట మూత తీయలేదు.

జీపు చప్పుడు ముందు వినపడింది. తరవాత అటు చెట్లలోంచి, ఇటు బండల మీదినుంచి పోలీసులు. వెతుక్కుంటూ వచ్చిన వాలకం కాదు వాళ్ళది. తిన్నగా ఆ రాతి దగ్గరికే వచ్చారు. మలయు ఇన్‌స్పెక్టరు తుపాకి కొనతో తువ్వాలు పక్కకి నెట్టాడు.

"ఇద్దరికి ఇంత అన్నమా?" అన్నాడు మలయులో.

"మా అక్కా బావా పిల్లలూ వస్తున్నారు సార్."

"ఎక్కడ?"

దారిమీద ఎవరూ లేరు. ఇన్‌స్పెక్టరు వంగి పిడికెడు పులిహోర తీసి, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. "చింతపండూ నూనే పట్టించిన అన్నం. కుసినీ అన్నంలా కాదు, రెండు మూడు రోజులున్నా పాచిపోదట. అడవిలోవాళ్ళకి ఇంతకంటే ఏం కావాలి?"

"ఏటంటన్నాడ్రా?" అంది పోలమ్మ, తడికాళ్ళతోనే వచ్చి కొడుకు మోచెయ్యి పట్టుకుని.

సీతారాము బుట్టకేసి చూస్తున్నాడు. మలయు మనిషైన ఇన్‌స్పెక్టరు పులిహోర మొహం ఎప్పుడూ చూసుండడు. అది నిలవుంటుందని అతనికి చెప్పినవాడెవడు? చేతులెత్తి నిలుచోవలసింది కొలోన్ అడవిలో కాదు, ఇక్కడ.

ఆఫీసు గదిలో దొర, ఇన్‌స్పెక్టరు, ఒక బెంచీ. పోలమ్మని ముసలిదని బయట కూచోబెట్టారు. ముందు అప్పలసామిని పిలిచారు. బుట్టలో ఉతకవలసిన బట్టలున్నాయన్నారు, నమ్మి పంపేశానన్నాడు. తరవాత కాంతయ్య వచ్చాడు. ఉతికిన చొక్కా వేసుకుని, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"నాను వొద్దనే సెప్పినాను దొరా. జర్మనీలో ఇలాగే సేస్తారు, మీకు తెలీదు అన్నాడు. సదువుకున్నోడు, నా మాటేటింటాడు?"

సీతారాము అతని మొహంలోకి చూశాడు. కాంతయ్య కూడా చూశాడు, రెప్ప వాల్చకుండా. అలా చూడ్డానికి ముందే అలవాటు చేసుకుని వచ్చినట్టుంది.

దొర కుర్చీ ముందుకి జరుపుకున్నాడు. అతనికి సీతారాము మీద కోపంకంటే కంపెనీ పెట్టుబడి పోతుందన్న బాధ ఎక్కువ. "చూడు, నువ్వు కమ్యూనిస్టులకి అన్నం మోసేవాడివి కాదని నాకు తెలుసు. ఎవరో నీకు అనుమతి ఉందని చెప్పారు. గేటు తెరిపించారు. వాళ్ళ పేరు చెప్పు. ఇన్‌స్పెక్టరు వాళ్ళ సంగతి చూసుకుంటాడు. ఇంజిను పని నీకుంటుంది."

ఒక్క పేరు. అది ఎదురుగానే చేతులు కట్టుకుని నిలబడుంది. చెబితే కాంతయ్య జైలుకి పోతాడు. పెంకుటిల్లు పోతుంది, లైను కూడా పోతుంది. జైలుకి పోయినవాడి పెళ్ళాం పిల్లల్ని తోటలో ఉండనివ్వరు. సీతారాము కిటికీలోంచి బయటికి చూశాడు. ఆఫీసు మెట్ల దగ్గర పుష్పవల్లి నిలబడి ఉంది, చిన్నవాణ్ణి చంకనేసుకుని, కొంగు నోట్లో కుక్కుకుని. ఆ కళ్ళు ఎర్రగా ఉన్నాయి. దానికి ఏ పాపమూ తెలీదు అనుకున్నాడు. పొద్దున్నే లేచి నాకోసం చింతపండు పిసికింది, అంతే.

"ఎవరూ చెప్పలేదు సార్," అన్నాడు. "నా తెలివితక్కువే."

దొర కలం మూత పెట్టేశాడు.

లాకప్పులో కొన్ని రాత్రులు, తరవాత ఇపోలో కోర్టు. రుజువు లేదు కాబట్టి జరిమానాతో, గట్టి హెచ్చరికతో వదిలారు. దొర మంచివాడే, జరిమానా కంపెనీ చేత కట్టించాడు. కానీ తిండి కేసున్నవాణ్ణి ఇస్టోరులో పెట్టుకోవడానికి పోలీసులు ఒప్పుకోరు, తోటలో ఉండనివ్వరు. పూటలోపల సామాను తీసుకుని పొమ్మన్నారు.

సీతారాము లైనుకి వచ్చేసరికి పోలమ్మ బియ్యంలేని పొయ్యి ముందు ఊరికే కూచుని ఉంది. ఇరుగుపొరుగు తలుపులు దగ్గరికి వేసి ఉన్నాయి. మరిడమ్మ ఒక్కత్తే గుమ్మంలోకి వచ్చి, ఏదో అనబోయి, కళ్ళొత్తుకుని పోయింది. సీతారాము జర్మనీ సంచిలో చొక్కాలు మడిచి పెట్టుకుంటున్నాడు.

"మీ బావ ఇంత పని సేస్తాడనుకోలేదురా," అంది తల్లి.

"పోనీలే అమ్మా. అప్పకి తెలిస్తే ఉరేసుకుంటాది. నువ్వు సెప్పకు."

పోలమ్మ పుల్ల తీసుకుంది. పొయ్యిలో బూడిద గీకసాగింది.

"అమ్మా?"

"ఆ పొద్దున్న," అంది ఆఖరికి, "నువ్వు బుట్ట నెత్తినెట్టుకుని ఎల్తన్నావు. నాను నీ ఎనకాలే బయల్దేరితే అది నా సెయ్యి అట్టుకుంది. 'అమ్మా, నువ్వాగు. మాతో వొద్దువు గాని, ఆడిని ముందెల్లనీ' అంది. గాజులు గుచ్చుకున్నాయిరా, అంత గట్టిగా అట్టుకుంది. ఏటే అంటే, 'నీకు మోకాళ్ళ నొప్పులు' అంది. నాకెప్పుడు నొప్పులు? రోజూ కొండంతా తిరిగి పాలు తీస్తన్నాను. ఇడిపించుకుని నీతో వొచ్చేసినాను." పుల్ల విరిచి పొయ్యిలో పడేసింది. "పిల్లలకి నీళ్ళు పోస్తానందా? గుంటలు అప్పుడే మన్నులో పడి గోళీలాడతన్నారు. నీళ్ళూ కాయలేదు, ఏటీ లేదు. నాను సూసినాను. సూసి కూడా బోధపడలేదు."

సీతారాము చేతిలో చొక్కా చేతిలోనే ఉంది. తరవాత దాన్ని మడవకుండానే సంచిలో కుక్కాడు.

పెంకుటింటి తలుపు తీసే ఉంది. ఇస్టోరులో కొత్త ఇంజిను దడదడమని నడుస్తోంది. కాంతయ్య అక్కడే ఉన్నాడు. పుష్పవల్లి తమ్ముణ్ణి చూసి లేచి నిలబడింది. లోపలికి రమ్మనలేదు. గోడమీద ఫోటోలు లేవు. అంటించిన చోట గోడ కాస్త తెల్లగా, చౌకాలుగా ఉంది.

"అమ్మని ఆపినావంట," అన్నాడు సీతారాము.

ఏమిటా మాట అనైనా అడుగుతుందనుకున్నాడు. అడగలేదు. తలుపు చెక్క పట్టుకుంది.

"కేసవుతాదనుకోలేదురా తమ్ముడా. దొర నాలుగు తిట్లు తిట్టి, పని ఈయనకే ఉంచేస్తాడన్నారు. అంతే అన్నారు. లాకప్పులో ఎడతారని నా పిల్లల మీదొట్టు, నాకు తెలీదు."

"పులిహోర కలపమన్నదెవులు?"

"ఈయనే."

"నిలవుంటాదని ఇనస్పెట్రుకి సెప్పినదీ ఆడేనా?"

ఆమె తల దించుకుంది. మళ్ళీ ఎత్తింది. ఈసారి కళ్ళలో నీళ్ళతో పాటు ఇంకోటేదో ఉంది, ఏళ్ళుగా దాచుకున్నది.

"నువ్వు ఓడ సూసినావు, రైలు సూసినావు. అడివిలో కూకుని రొట్టె తిన్నావు. రేపు ఇపో ఎల్లినా, పినాంగ్ ఎల్లినా, నీకు సదువుంది, జర్మనీ పేరుంది, ఎవుడైనా పనిస్తాడు. ఈయనకి ఈ ఇంజిను కాక ఏటుంది? మళ్ళీ ఆ లైన్లోకి, ఆ పెంటలోకి నా పిల్లల్ని అట్టుకెల్లమంటావా? నువ్వు పొటోలంపినప్పుడల్లా గంట కొట్టేదాకా ఆకలితో ఆళ్ళు అయ్యి సూసుకుంటూ ఉండీవోరు. నువ్వేటి తింటన్నావో సూసుకుంటూ."

"ఒక్క మాట అంటే నానే పని ఒదిలేసీవోణ్ణి కాదేటప్పా?"

"ఒదిలితే ఈయనకి బిచ్చమేసినట్టు కాదేటి?"

ఆకురాయితో రాసి రాసి గట్టిపడిన అరచేతులు సీతారాము ఊరికే మూసి తెరిచాడు. ఒక్కటి మాత్రం అడగాలనిపించింది. అడక్కపోతే ఎక్కడికెళ్ళినా నిద్ర పట్టదు.

"దొర ముందు నాను బావ పేరు సెప్పేసుంటే? ఆడు జైలుకి, నువ్వూ పిల్లలూ రోడ్డుమీదకి. అది ఆలోసించలేదా?"

"ఆలోసించినాం," అంది పుష్పవల్లి. "ఈయన బయపడినాడు. నానే సెప్పినాను, నువ్వు సెప్పవని."

"ఎలా తెలుసు?"

"నిన్ను ఎత్తుకుని పెంచినదాన్ని కాదేట్రా," అంది, చిన్నప్పుడు అన్నంలో కారం ఎక్కువైందని ఏడిస్తే బుజ్జగించిన గొంతుతోనే. "నాకు తెలీదేటి?"

లోపల చిన్నవాడు నిద్రలేచి ఏడ్చాడు. ఆమె తిరిగి చూసింది. మళ్ళీ ఇటు తిరిగేసరికి తమ్ముడు మెట్లు దిగిపోయాడు.

కుసినీ గంట కొట్టారు. లైన్లలోంచి గిన్నెలతో జనం బయలుదేరారు. గంట ఆగేలోపల వరసలో లేకపోతే ఆ పూట అన్నం ఉండదు. పోలమ్మ సత్తుగిన్నె పట్టుకుని గుమ్మంలో నిలబడి, కొడుకువైపూ వరసవైపూ చూసింది.

"నాతో వొచ్చేయ్ అమ్మా."

"ఎక్కడికిరా? నీకే తెలీదు." గిన్నె చేతులు మార్చుకుంది. "దాని మొహం సూడను. కానీ గుంటలున్నారు. తెల్లారితే నా సెట్లు నాకున్నాయి."

"సరే," అన్నాడు. "ఎల్లు, వరస ఎల్లిపోతాది."

ఆమె రెండడుగులు వేసి ఆగి, మళ్ళీ నడిచింది. వరసలో మరిడమ్మ ఆమెకి చోటిచ్చింది.

గేటు దగ్గర అప్పలసామి ఉన్నాడు. సీతారాము సంచి బల్లమీద పెట్టి, చెప్పకముందే రెండు చేతులూ పైకెత్తాడు. అప్పలసామి మూత విప్పి, చొక్కాలు ఒక్కొక్కటే దులిపి, చంకలు, నడుము, చీలమండల దాకా తడిమి చూశాడు. ఎక్కడా మెతుకు దొరకలేదు.

"ఏటీ లేదు," అన్నాడు, నేలవైపు చూస్తూ. "ఎల్లు."